చేతులు పట్టేంత తెర

తుర్దుబెక్ ఏ వస్తువైనా కొనే ముందు బాగా ఆలోచిస్తాడు. ఊళ్లో ఈ మాట అందరూ గౌరవంగానే అంటారు. ఆయన భార్య అనార్‌కుల్ ఒక్కతే పళ్లు బిగించి అంటుంది. బట్టలుతికే మిషను గురించి ఆయన ఆలోచన మొదలుపెట్టేనాటికి పెద్దకూతురు చంటిపిల్ల. ఆ పిల్ల పెరిగి, పెళ్లయి, అత్తారింట్లో ఒక మిషను కొనుక్కుని, అది అరిగిపోతే రెండోది కూడా కొనుక్కుంది. ఈయన ఇంకా నీళ్ల గొట్టం కుడివైపుంటే మంచిదా ఎడమవైపుంటే మంచిదా అన్న దగ్గరే ఉన్నాడు.

సోవియట్ల కాలంలో ఆయన సమష్టి క్షేత్రంలో గోదాం అధికారి. ఆ గోదాం పోయింది, ఆ క్షేత్రం పోయింది, అసలా దేశమే పోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, బుగ్గలు పూరించి, కనపడిన ప్రతి వస్తువునీ తనిఖీ చేసే అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈసారి తనిఖీకి వచ్చింది ట్యాబ్.

అడిగింది అనార్‌కుల్. ఊరికే సరదాకి అడగలేదు. ఆమెకి కెంజె అని ఒక చెల్లెలుంది, పుట్టుచెవుడు. చెవి లేకపోతేనేం, అంత వాగుడుకాయ ఆ కొండల్లోనే లేదు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ గొర్రెల వెంట తిరుగుతూ చేతులతో ఒక భాష కట్టుకున్నారు. అందులో వానకి ఒక విసురు, తోడేలుకి ఒక విసురు, మారుతల్లికి తోడేలు విసురే ఇంకాస్త గట్టిగా. ప్రతి మనిషికీ ఒక పేరుండేది, ఆ పేరు మనిషి గుణాన్ని బట్టి పెట్టేవాళ్లు. ఇప్పుడు కెంజె కనుమకి అవతలి లోయలో కోడళ్ల దగ్గర ఉంది. మంచు పడితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడిక వాళ్లకి మిగిలేది ఫోను.

ఫోనంటే అరచేతిలో సగం, దాని మీద అడ్డంగా ఒక పగులు. కెంజె ముఖం పడితే చేతులు పట్టవు, చేతులు పడితే ముఖం పట్టదు. రెండూ పట్టాలని వెనక్కి జరిగితే మనిషి తూనీగంత అవుతుంది. క్రితం శీతాకాలం కెంజె ఆవు ఈనిందని చెబితే ఈవిడ ఆవు చచ్చిందనుకుంది. చెల్లెలి ఆవు కోసం వారం రోజులు ఏడ్చింది. తెలిశాక ఇరుగుపొరుగంతా నవ్వారు, తనూ నవ్వింది. కానీ రేపెప్పుడైనా నిజంగా ఏడవాల్సిన కబురు వస్తే తను నవ్వుతుందేమో! ఆ భయం ఒకటి గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

తుర్దుబెక్ రోజూ పొద్దున్నే కొట్టు ముందు బల్ల మీద చేరి ట్యాబ్ సంగతి విచారించేవాడు. పక్కింటి శార్షెన్, గుర్రాల డాక్టరు ఇద్దరూ ఆ విచారణలో సభ్యులు.

"దాంట్లో ఎనిమిది కోర్లుంటాయట," అన్నాడు తుర్దుబెక్.

"కోర్లంటే?"

"మెదళ్ల లాంటివనుకో."

"ఎనిమిదా! మన ఊరి సభలో అందరివీ కలిపినా అన్ని లేవు గదా పెద్దాయనా," అన్నాడు శార్షెన్.

"నవ్వులాట కాదు. బ్యాటరీ ఒక పూటంతా వస్తుందట."

"మన కరెంటు ఒక పూటే వస్తుంది. రెండూ కలిసే పడుకుంటాయిలే," అన్నాడు డాక్టరు.

గాజు ఎంత మందం, ముందు కెమెరా మేలా వెనక కెమెరా మేలా, ఇనప డబ్బా గట్టిదా ప్లాస్టిక్ డబ్బా గట్టిదా, గుర్రం తొక్కితే తట్టుకుంటుందా అని శీతాకాలమంతా చర్చ సాగింది. ఒకరోజు డాక్టరుకి అనుమానం వచ్చింది.

"ఇంతకీ అది ఎందుకు పెద్దాయనా మీకు?"

తుర్దుబెక్ బుగ్గలు పూరించాడు. అన్నీ కనుక్కున్నాడు గాని ఇదొక్కటి కనుక్కోలేదు. "అది చివర్న తేలే విషయం," అన్నాడు గంభీరంగా.

ఇంటికొచ్చాక అనార్‌కుల్ టీ గిన్నె అందిస్తూ అడిగింది. "ఏం తేల్చారు?"

"గాజు సంగతి తేలలేదు."

"గాజు మీద నేను నడుస్తానా ఏం? నాకు కెంజె చేతులు కనపడితే చాలు."

"అసలు వినపడని మనిషికి ఫోనెందుకే? ఉత్తరం రాయి."

"రాస్తాను. దానికి చదువెవరు చెప్పించారు చదవడానికి? నాకెవరు చెప్పించారు రాయడానికి?"

"అయితే ఇంకా ఆలోచించాలి," అన్నాడాయన.

ఆయన నోటివెంట రాని కారణం ఇంకొకటుంది. దాని పేరు ఎర్మెక్, ఆయన అక్క కొడుకు. మేనల్లుడు కోరింది మేనమామ కాదనకూడదు. కాదంటే ఆ మేనమామ చేతులు వణుకుతాయని తాతల కాలం నుంచీ నమ్మకం. తక్కిన మేనల్లుళ్లు పెళ్లిలో ఒక గొర్రెపిల్లని అడిగి ఊరుకుంటారు. ఎర్మెక్‌కి ఊరుకోవడం రాదు. వెండి పూత జీను తీసుకెళ్లాడు. టీకి నీళ్లు కాచే సమోవారు తీసుకెళ్లాడు, పాపం దాంట్లో నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. గోధుమ రంగు గుర్రప్పిల్లని తీసుకెళ్లాడు. ఒకసారి మామ తల మీదున్న నక్కబొచ్చు టోపీని తీసుకెళ్లాడు. లేనివాడా అంటే, నరీన్ పట్నంలో టైర్ల కొట్టు, రెండంతస్తుల ఇల్లు. పైగా నవ్వుతూ అడుగుతాడు, అది ఇంకా మంట.

అందుకని తుర్దుబెక్ వస్తువులు కొనడం మానేసి వాటి గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇంట్లో లేనిదాన్ని ఎవడు మాత్రం ఎలా అడుగుతాడు? పిరికితనం అంటే పరువు పోతుంది, ముందుచూపు అంటే ఊరు తల ఊపుతుంది.

కనుమ మూసుకుపోయే రోజులు మళ్లీ దగ్గర పడ్డాయి. అనార్‌కుల్ తన పుట్టింటివాళ్లిచ్చిన ఆవు ఈనిన దూడని తోలుకెళ్లి సంతలో అమ్మింది. శార్షెన్ భార్య బుబుష్‌ని వెంటేసుకుని పట్నం కొట్టుకి వెళ్లింది.

"ఎంత మెమరీది కావాలమ్మా?" అంది కొట్టులో అమ్మాయి.

"మెమరీ నాకే బోలెడుంది. ఇదిగో బుబుష్, నువ్వలా ఆ గోడ దాకా వెళ్లి నిలబడు. ఆ, చేతులు చాపు. చాపి ఊపవే, ఈగలు తోలినట్టు!"

"అందరూ చూస్తున్నారక్కా, పరువు పోతోంది," అంటూనే బుబుష్ ఊపింది. అనార్‌కుల్ ఒక్కొక్క ట్యాబ్ తెరలోనూ బుబుష్ మోచేతుల నుంచి వేలికొసల దాకా కనపడుతున్నాయో లేదో చూసుకుంది. నాలుగో దాంట్లో బుబుష్ చిటికెన వేలికున్న ఉంగరం కూడా కనపడింది. "ఇదియ్యి," అంది. ఏడాది విచారణ టీ చల్లారేలోగా అయిపోయింది.

ఆ సాయంత్రమే కెంజె నిండుగా తెర మీదికొచ్చింది. తలగుడ్డ, ముఖం, భుజాలు, రెండు చేతులూ! అక్కని ఎగాదిగా చూసి మొదటి మాటగా ఏమందంటే, నుదురు మీద గీతలు గీసి, చెంపలు లోపలికి లాగి, పన్ను పీకి పారేసినట్టు విసిరింది. ముసలిదానివైపోయావు, పళ్లన్నీ ఏవీ, అని. "నువ్వు మాత్రం పెళ్లికూతురివి మరి!" అని అనార్‌కుల్ చేతులు తిప్పింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తుర్దుబెక్ వెనక నుంచి వెళుతుంటే కెంజె బుగ్గలు పూరించి చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు ఆయన అనుమానంగా.

"కులాసానా అని అడుగుతోంది."

ట్యాబ్ వచ్చిన కబురు ఎర్మెక్‌కి ఎవరు చేరవేశారో గాని, రెండో వారానికే కారేసుకుని దిగాడు. మీగడ తిన్నాడు, వేయించిన రొట్టెముక్కలు తిన్నాడు, మామ ఆరోగ్యం అడిగాడు. అడుగుతున్నంతసేపూ చూపు గూట్లో ఉన్న ట్యాబ్ మీదే ఉంది.

"మామయ్యా, ఇది బాగుందే! దీని మీద మనసు పడిందయ్యా నాకు."

తుర్దుబెక్ ముఖం ఒక్క క్షణం పాలు విరిగినట్టయింది. తర్వాత లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు. "అడిగింది ఎవరు? నా అక్క కొడుకు! మా వంశంలో మేనల్లుణ్ణి ఉత్త చేతులతో పంపినవాడు..."

"అది నా దూడ," అంది అనార్‌కుల్.

"ఇంట్లో ఉన్నదంతా ఇంటి పెద్దదే. రేపు నా చేతులు వణికితే నువ్వొచ్చి నాకు చారు తాగిస్తావా?"

"ఇప్పుడు మాత్రం ఆ చేతులు చేసే పనేముంది? వెనక్కి కట్టుకు తిరగడమేగా!"

ఎర్మెక్ నవ్వేస్తూ ట్యాబ్‌ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. "కష్టపెట్టుకోకు అత్తా. నీ చెల్లెలితో మాట్లాడాలనిపిస్తే మా ఇంటికి రా. నీ ఇల్లే అనుకో."

"అనుకుంటాను నాయనా," అంది అనార్‌కుల్.

అనుకుంది కూడా. తర్వాతి సంత రోజున బుబుష్‌తో కలిసి వ్యానెక్కి పట్నంలో ఎర్మెక్ ఇంట్లో దిగింది. ఎర్మెక్ భార్య జిల్దిజ్ తలుపు తీసి కొయ్యబారింది. లోపల ఎర్మెక్ టైర్ల బేరానికొచ్చిన ఒక పెద్దమనిషికి మాంసం పెట్టి మర్యాద చేస్తున్నాడు. అనార్‌కుల్ తిన్నగా వెళ్లి గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట కూర్చుంది. వయసులో పెద్దది, పైగా మేనమామ భార్య. లేవమనే నోరు ఎవరికుంది?

"ట్యాబ్ తే నాయనా, కెంజె ఎదురుచూస్తుంటుంది."

జిల్దిజ్ టీ పోసింది. గిన్నె అంచు దాకా పోసింది. మర్యాద చేసే ఇంట్లో సగం గిన్నె పోసి మళ్లీ మళ్లీ పోస్తారు. నిండా పోస్తే తాగి లేవండని అర్థం, పసిపిల్లకైనా తెలుసు. అనార్‌కుల్ ఆ గిన్నెని మెచ్చుకోలుగా చూసింది. "చూశావా బుబుష్, ఎంత పెద్ద చెయ్యో! మనమంటే ఎంత అభిమానమో!" అని తాగి, ఖాళీ గిన్నె మళ్లీ చాపింది.

కెంజె తెర మీదికొచ్చింది. వెనక గోడ చూసి, ఎక్కడున్నావని అడిగింది. అనార్‌కుల్ కుడిచెయ్యి పాములా ముందుకు చాచి, గభాలున రొమ్ములోకి దోపుకుంది. అవతల కెంజె విరగబడి నవ్వి కోడళ్లని పిలిచింది. వాళ్లూ చెయ్యి చాచి రొమ్ములోకి దోపుకున్నారు. ఒక కోడలి చంకలో ఉన్న పిల్ల కూడా దోపుకుంది.

"అందరూ అదేం చేస్తున్నారత్తా?" అన్నాడు ఎర్మెక్.

అనార్‌కుల్ చేతులు ఖాళీ లేవు గనక బుబుష్ చెప్పింది. "అది నీ పేరు నాయనా."

"నా పేరా!"

"కెంజె భాషలో. జీను తీసుకెళ్లావు చూడు, అప్పుడు పెట్టింది. అవతలి లోయలో చెవులున్నవాళ్లు కూడా నిన్ను అలాగే అంటారట. పలకడం కన్నా సులువు గదా."

టైర్ల పెద్దమనిషి మాంసం నములుతూ వేళ్లు తుడుచుకుని, ఒకసారి చెయ్యి చాచి, జేబులోకి దోపి చూసుకున్నాడు. బాగా కుదిరినట్టుంది, ఇంకోసారి చేశాడు. ఆ రోజు బేరం కుదరలేదు.

లేచేముందు అనార్‌కుల్ అరచేతులు పైకి తెరిచి దీవించింది. "నీ ఇల్లు ఎప్పుడూ అతిథులతో కళకళలాడాలి నాయనా. వచ్చే సంతకి మళ్లీ వస్తాం."

తర్వాతి సంతకి నలుగురు ముసలమ్మలు దిగారు. ఆ పై సంతకి ఎంతమందో లెక్కపెట్టడం జిల్దిజ్ మానేసింది. మాంసం వండి వండి ఆవిడ చేతులు కాలాయి, కొట్లోకి టైర్లకొచ్చేవాళ్లు ఎర్మెక్‌ని చూసి జేబు తడుముకోవడం మొదలుపెట్టారు.

"ఆ పలక తిరిగిచ్చేస్తావా, నన్ను మా పుట్టింటికి పొమ్మంటావా?" అంది జిల్దిజ్.

"మామ ఇచ్చింది తిరిగిస్తే నా పరువేం కావాలి?"

"పరువా? ఊరందరి వస్తువులూ రొమ్ములో దోపుకున్నావు గాని, అదొక్కటి నువ్వెప్పుడూ దోపుకోలేదులే!"

కనుమ మీద మొదటి మంచు పడిన రోజున ఎర్మెక్ కారు వచ్చి వాకిట్లో ఆగింది. లోపలికి రాలేదు, మీగడ తినలేదు. ట్యాబ్ మామ చేతిలో పెట్టి, "దీని మీద మనసు పోయింది మామయ్యా," అని గొణిగి వెళ్లిపోయాడు.

తుర్దుబెక్ దాన్ని కొట్టు దాకా తీసుకెళ్లి అందరికీ చూపించి వచ్చాడు. "తొందరపడకూడదు. ముందు మేనల్లుడికిచ్చి మూడు వారాలు వాడించి పరీక్ష చేశాను. గాజు గట్టిదే. కొనొచ్చని తేల్చాను," అని చెప్పాడట. శార్షెన్ తల ఊపాడట, డాక్టరు మాత్రం దగ్గొచ్చిందని లేచి వెళ్లిపోయాడట.

ఇంట్లో అనార్‌కుల్ ట్యాబ్‌ని పిండి డబ్బాకి ఆనించి పెట్టింది. కెంజె వచ్చింది. ఇవాళ నవ్వలేదు. రెండు చేతులూ తెర దగ్గరికి తెచ్చి, చెప్పకుండా ఊరికే చూపించింది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు వంగడం లేదు. చలి మొదలైనప్పటి నుంచీ అని చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించింది. వేళ్లు బిగుసుకుపోతే నేనింక మూగదాన్నే అక్కా, అంది.

పాత ఫోనులో అయితే ఇది ఏ ఆవు కబురో అనుకునేది అనార్‌కుల్. ఇప్పుడు ప్రతి కణుపూ కనపడుతోంది. కళ్లు తుడుచుకుని దగ్గరికి జరిగింది. గొర్రె కొవ్వు వెచ్చజేసి పడుకునే ముందు రాసుకో, ఉన్ని చుట్టుకో, అని పెద్ద పెద్దగా చెప్పింది. వేళ్లు కదలకపోతే మోచేతులతో చెప్పు, అవీ రాకపోతే కనుబొమలతో చెప్పు. నెమ్మదిగా చెప్పు. అంతా కనపడుతోంది నాకు.

కెంజె ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టింది. చిన్నపిల్ల కొత్తగా మాట నేర్చుకున్నట్టు తప్పులు పోతూ, దిద్దుకుంటూ.

"ఏమంటోంది?" అని గుమ్మంలోంచి అడిగాడు తుర్దుబెక్.

అనార్‌కుల్ వెనక్కి తిరగలేదు. తిరిగితే కెంజె చెప్పే ఒక మాట కంటికి దొరక్కుండా పోతుంది.