పురి సడలించే చేయి

సరోజమ్మ శవం ఇంకా వాకిట్లో ఉండగానే, మగ్గం వైపు చూసి రామాంజనేయులు అన్న మొదటి మాట: "పడుగు సగంలో ఇడిసిపాయె గదప్పా."

తల్లి పాదాల దగ్గర కూర్చున్న ఉష ఉలిక్కిపడి తలెత్తింది. తండ్రి ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తూనే ఆ మాట అన్నాడు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతుకుతూ అమ్మ మగ్గం వెనకే ఒరిగిపోయింది. వేళ్లకు బూడిద అలాగే ఉంది.

ఎమ్మిగనూరులో రామాంజనేయులు పేరున్న నేతగాడు. కండెలు చుట్టేది, పోగులు అతికేది, చిక్కులు తీసేది సరోజమ్మ. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లోది రోంత సాయం చేస్తాది" అనేవాడు. పురి ఎక్కువైన పోగు మెలికపడి ముడుచుకుంటే చిన్నప్పుడు ఉష లాగబోయేది. "లాగితే ఇంకా బిగుస్తాది పాపా" అంటూ సరోజమ్మ ఆ పోగును తెంపి, కొసను గిర్రున తిరగనిచ్చి, బూడిద అద్ది మళ్లీ అతికేది. ఎక్కడ తెగిందో చీరలో కనిపించేది కాదు.

దినాలయ్యాక ఉష ఆదోనిలో తను పనిచేసే జూనియర్ కాలేజీకి వెళ్లింది. బోటనీలో డీఎన్ఏ పాఠం. "పేనుకున్న రెండు పోగులను విప్పుతూ నకలు తీస్తుంటే, ముందున్న భాగంలో పురి బిగుస్తుంది. అప్పుడు టోపోఐసోమరేజ్ అనే ఎంజైము పోగును తెంపి, పురి సడలనిచ్చి, మళ్లీ అతుకుతుంది. ఇది సాయపడే ఎంజైము..."

బోర్డు మీద చేయి ఆగిపోయింది.

"అది లేకుంటే ఏమైతాది మేడమ్?" ముందు బెంచీలోంచి తన్మయి అడిగింది.

"పని ఆగిపోతుంది. కణం చచ్చిపోతుంది."

"మళ్ల సాయం అంటారేంది మేడమ్?"

క్లాసంతా నవ్వింది. ఉష ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఇది, తనే ఒక్కసారీ వినలేదు. ఇదే కాలేజీలో పాఠాలు చెప్పే భర్త హరీష్ చుట్టాలతో అనే మాట గుర్తొచ్చింది. "ఉష కూడా ఉద్యోగం చేస్తుందిలే, ఇంటికి సాయంగా." అత్తగారి మాత్రలు, పాప క్యారియరు, అతని చొక్కాల ఇస్త్రీ, అన్నీ తనే చూసేది. "నువ్వుంటే ఇంట్లో ఏ చిక్కూ ఉండదు" అని మెచ్చుకునేవాడు కూడా. ఎవరి పురి బిగిసినా తెగేది తనే. మళ్లీ అతుక్కునేదీ తనే. ఎక్కడ తెగిందో ఎవరికీ కనిపించలేదు, అమ్మకు తప్ప.

ఆదివారం ఉష, హరీష్ ఎమ్మిగనూరు వెళ్లారు. రామాంజనేయులు కూతురి ముందు బూడిద చిప్ప పెట్టాడు.

"ఉషమ్మా, మిగిలింది అతికిచ్చి పో. మీయమ్మ నేర్పిందే గదా."

"రెండు రోజులు సెలవు పెట్టు," అన్నాడు హరీష్. "మామకు సాయంగా ఉంటుంది."

ఉష మగ్గం వెనక కూర్చుంది. రెండు కొసలు అందుకుని, బూడిద అద్ది, పురిపెట్టి, ఒక్క పోగు అతికింది. తర్వాత పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఈడ కూసో నాయనా. ఎట్ల అతికేదో సూపిస్తా."

"నేనా? ఆడోళ్ల పని నన్ను సేయమంటావా?"

"అమ్మ పని. అది లేకనే నీ మగ్గం ఆగింది."

రామాంజనేయులు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేల చూశాడు. ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు.

ఉష చేతులు కడుక్కోకుండానే ఆదోని బస్సెక్కింది. మిగిలిన పోగులు ఇంకా అతకలేదు.