రెండు రవ్వల దండగ

స్టుట్‌గార్ట్‌లో హేబెర్లెగారి కార్ల షెడ్డులో 'దండగ' అన్న మాట వినబడని రోజు లేదు. కాలిన అగ్గిపుల్లను కూడా రెండో కొసన గీకి చూసే రకం ఆయన. అలాంటి మనిషిని ఒకే ఇంజనుకు రెండు రకాల నిప్పు పెట్టడానికి ఒప్పించాడంటే ఆయన దగ్గర పనిచేసే కుర్ర మెకానిక్కు ఫ్రిడొలీన్ సామాన్యుడు కాడు.

"బ్యాటరీ నీరసిస్తే కారు దార్లోనే చస్తుందండీ. మాగ్నెటో అయితే ఇంజను తిరుగుతున్నంతసేపూ తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. కాకపోతే నెమ్మదిగా తిరిగితే దాని రవ్వలో పస ఉండదు. అప్పుడు బ్యాటరీ ఆదుకుంటుంది."

"రెండూ ఒకేసారి మండవు గదా?" అనుమానంగా అడిగాడు హేబెర్లె.

"అబ్బే! మన ఇళ్ళలో మెట్లు ఊడ్చే వంతు పలకలాగే. పలక ఎవరి తలుపుకు వేలాడితే ఆ వారం వాళ్ళే ఊడవాలి గదండీ. ఈ మీట ఎటు తిప్పితే అదే పనిచేస్తుంది. రెండోది ఊరికే కూర్చుంటుంది."

వంతుల మాట వినగానే ముసలాయన కరిగిపోయాడు. "సరే, శనివారం కారును కొండెక్కిద్దాం. మధ్యలో ఆగిందో, నీ సామాను చుట్టబెట్టుకుని మీ నాన్న గడియారాల కొట్టుకు పో!"

ఆ కొట్టులో గోడ నిండా కోకిల గడియారాలు. అన్నీ కలిసి కూసే కూతకు తాళలేకే ఫ్రిడొలీన్ ఇల్లు వదిలి వచ్చాడు.

మీట కింద కరెంటు కలిపే ఇత్తడి ముక్క కాస్త వెడల్పైందని అతనికి తెలుసు. అరగదీద్దామని ఆకురాయి ఎత్తాడు కూడా. కానీ నిగనిగలాడే ఇత్తడి పొడైపోయి నేలపాలవుతుందంటే మనసొప్పలేదు. ఉంటే ఏం పోయిందిలే అని ఆకురాయి దించేశాడు. హేబెర్లె దగ్గర పనిచేస్తే ఎవరికైనా ఆ జబ్బు అంటుకుంటుంది.

శనివారం ఇద్దరూ ఎక్కగా కారు మాగ్నెటో మీద హుషారుగానే బయల్దేరింది. ద్రాక్షతోటల మలుపు దగ్గర దారి నిటారుగా లేచేసరికి ఇంజను గసపెట్టడం మొదలుపెట్టింది. తోటలో ఆడవాళ్ళు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"దిగి తొయ్యండి తాతా! ఒళ్ళు తగ్గుతుంది!" అని ఒకావిడ కేకేసింది.

"మీట తిప్పరా! మీట!" అని అరిచాడు హేబెర్లె.

ఫ్రిడొలీన్ మీట లాగాడు. అది సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. అటూ పోదు, ఇటూ రాదు. అయిపోయింది, ఇక కోకిలలే గతి అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

కారు ముందుకు దూకింది! వెడల్పాటి ఇత్తడి ముక్క రెండు వైపులా ఆనుకుంది. ప్రతి సిలిండరులో అటున్న మాగ్నెటో ప్లగ్గు, ఇటున్న బ్యాటరీ ప్లగ్గు ఒక్కసారే వెలిగి నిప్పు రెండు వైపుల నుంచీ అంటుకుంది. తోటలు, ఆడవాళ్ళు, మలుపులు గిర్రున వెనక్కి పోయాయి. ఫ్రిడొలీన్‌కు నవ్వాగలేదు. స్టీరింగు మీద వాలిపోయి పగలబడి నవ్వుతూనే నడిపాడు. ఇంతలో గాలి హేబెర్లెగారి టోపీని లేపుకుపోయింది.

"అయ్యగారూ, మీ టోపీ! ఆపమంటారా?"

"పోతే పోనీరా! ఆపావంటే చంపుతా!"

జన్మలో ఆయన నోట 'పోతే పోనీ' వినలేదు ఫ్రిడొలీన్. కొండమీదికి చేరాక ముసలాయన వంగి మీటను చూశాడు.

"రెండూ ఒకేసారి మండాయా?"

"అవునండీ. అరగదీస్తే ఇత్తడి దండగని..." అంటూ నీళ్ళు నమిలాడు ఫ్రిడొలీన్.

హేబెర్లె బట్టతల తడుముకుని, "ఆ ముక్క మీద ఆకురాయి పెట్టావో, చేతులు విరగ్గొడతా! ఇకమీద అన్ని బండ్లకూ అంతే వెడల్పు పెట్టు," అన్నాడు.

"అంటే... నన్ను కొట్టుకు పంపరా?"

"ఎందుకు పంపనూ? కొట్టుకు కాదు, కిందికి పంపుతా. వెళ్ళి నా టోపీ వెతికి పట్రా."

ఫ్రిడొలీన్ ఒక్క గంతులో కారెక్కి కూర్చున్నాడు.

"దిగు, దిగు! నడిచి వెళ్ళు. టోపీ కోసం పెట్రోలు దండగ!"

ఫ్రిడొలీన్ నడవలేదు. వాలంతా చిన్నపిల్లాడిలా గంతులు వేసుకుంటూ పరుగెత్తాడు.