మంచం కోడుకి కట్టిన తాడు

గదిలో నేల మీద మంచు ఉంది, అది ఎవరికీ పట్టడం లేదు. నా ముందు బల్ల, బల్ల మీద పరీక్ష కాగితాలు, అవతల డాక్టరు మేడమ్ కూర్చునే ఖాళీ కుర్చీ. మిలటరీ ఆస్పత్రిలో మనసు జబ్బుల విభాగం ఇదని తెలుసు, అయినా కిటికీలోంచి మా ఊరి జీడితోట కనిపిస్తోంది, జీడికొమ్మల మీద కూడా మంచు పడుతోంది.

కాగితం నిండా వాక్యాలు. ఒక్కొక్కదాని పక్కన నిజమనో కాదనో గుర్తు పెట్టాలి. మనిషి ఎలాంటివాడో, సరిహద్దు నుంచి మోసుకొచ్చిన భయం అతనిలో ఎంత మిగిలిందో ఆ గుర్తులు చెబుతాయట. ఇదివరకు రెండుసార్లు పెట్టాను, ఏళ్ల కిందట. మొదటిసారి చూసి వైద్యం మొదలుపెట్టారు. రెండోసారి చూసి వైద్యం ఫలించిందన్నారు, కాగితం మీద నా భయం గీత ఎంత కిందికి దిగిందో మేడమ్ కొత్త డాక్టర్లకి చూపించి మురిసిపోయింది. ఇది మూడోసారి. రేపు రాయాల్సింది ఇప్పుడే ఎలా వచ్చిందో తెలియదు.

'నాకు రాత్రిళ్లు బాగా నిద్ర పడుతుంది' అని ఉంది. దాని కిందా అదే ఉంది. పేజీ తిప్పితే అక్కడా అదే.

నిజం అని గుర్తు పెట్టబోతుంటే కాలికి ఏదో లాగినట్టయింది. వంగి చూస్తే చీలమండకి తాడు ఉంది, మంచులో పడి గది దాటి బయటికి పోతోంది. నాకు తాడంటే పడదు. పైన, మంచుకొండల మీద, పదిమందిమి ఒకే తాడుకి కట్టుకుని నడిచేవాళ్లం, నా వెనక నడిచే హయాత్ సింగ్ మంచు పగుల్లోకి జారిపోయాడు, కింది నుంచి వాడు తాడు లాగుతూనే ఉన్నాడు, తరవాత లాగడం మానేశాడు. ఇంటికొచ్చాక కంటబడ్డ తాడల్లా కోసేశాను. బట్టలారేసే దండెం కోశాను, ఆఖరికి మా పిల్ల ఉయ్యాల తాడు కూడా.

ఇప్పుడు ఆ తాడు పట్టుకునే లేచి నడుస్తున్నాను, ఆస్పత్రి వరండా జీడితోటగా మారుతోంది, తోట మా ఇంటి నడవగా మారుతోంది, నడవ చివర గుమ్మం దగ్గర చాప మీద పైడమ్మ పడుకుని ఉంది. నా భార్య. పోయిన వానాకాలంలో కామెర్లతో పోయింది. తాడు రెండో కొస దాని మణికట్టుకి ఉంది. పిల్లని ఊపుతున్నట్టు పడుకునే లాగుతోంది.

"ఆ తాడు ఎక్కడిది?" అంటాను.

"ఉయ్యాలదే మావా. నువ్వు కోసి పారేస్తే ముడేసి దాసినాను. పిల్లకి పనికిరానేదు, నీకు పనికొచ్చింది."

"నాకా?"

"నువ్వు పడుకున్నాక మంచం కోడుకి కట్టీదాన్ని. కల్లో నువ్వు తన్నుకుంటే ఇక్కడ నా సెయ్యి కదిలీది. గుమ్మం కాడి నుంచే లాగి మంచం ఊపీదాన్ని. కల ముదరక ముందే సర్దుకునీవోడివి. దగ్గిరకొచ్చి ముట్టుకుంటే ఏటవుతాదో నాకు తెల్దేటి. తెల్లారకుండా ఇప్పీసీదాన్ని."

నాకు ఒళ్లు మండుతోంది. "డాక్టరుకి చెప్పలేదేం?"

"ఆ మేడమ్ నిన్ను అడిగింది గానీ నన్ను అడిగిందేటి. నేను బయట బల్ల మీద కూకున్నాను, నువ్వొచ్చి పాసయిపోనానన్నావు."

"నీవల్ల అబద్ధం రాశాను."

"అబద్ధం కాదు. నీకు నిద్ర పట్టీది, నాకే పట్టీది కాదు. ఆ కాగితంలో నా నిద్ర గురించి నేదు కదా."

నవ్వుతోంది. దాని నవ్వు నాకు ఎప్పుడూ నచ్చలేదు. వైద్యం పనిచేసిందని మేడమ్ నమ్మింది, నేను నమ్మాను, ఊళ్లో చెప్పుకున్నాను. అసలు పని చేసింది పైడమ్మ. చేసి, చెప్పకుండా పోయింది. ఇది పోయాక కనకం, ఆ ఉయ్యాల్లో పెరిగిన మా అమ్మాయి, నన్ను చూడ్డానికి వచ్చి పొద్దున్నే కాఫీ తెచ్చి భుజం తట్టి లేపింది. నేను కళ్లు తెరిచేసరికి దాని ముంజేయి నా పిడికిట్లో విరిగి ఉంది. మళ్లీ వైద్యానికి చేరితేనే ఈ గుమ్మం తొక్కుతానని, కట్టు కట్టిన చేత్తో బస్సెక్కింది.

"నిన్ను క్షమించను," అంటాను.

"వద్దులే. నువ్వెవర్ని క్షమించినావు గనక. పిల్ల సెయ్యి సూసినావా?"

పరీక్ష కాగితం నడవలోకీ వచ్చింది, పైడమ్మ చాప పక్కనే ఉంది, మంచు మీద పడి ఉన్నా తడవలేదు.

"కాదని పెట్టు," అంటోంది. "ఆ ఒక్కదానికి."

"పెడితే తాడుకి ఆ కొసన ఎవరూ లేరని ఒప్పుకున్నట్టే."

"నేను పోనాను కదా మావా," అంటోంది మెల్లగా, కూర సరిపోలేదని చెప్పినట్టు. "నిజమని పెడితే ఆళ్లు నిన్ను ఇంటికి పంపించెత్తారు. ఇంట్లో ఎవులున్నారు?"

పెన్సిలు నా చేతిలోనే ఉంది. ఏదో అనాలని నోరు తెరుస్తాను, మంచు నోట్లోకి వస్తోంది. పైడమ్మ మణికట్టు నుంచి తాడు ఊడదీస్తోంది, గాజులు అడ్డం వస్తుంటే ఓపిగ్గా తప్పిస్తోంది. లాగమని అరుస్తున్నాను. ఇంకొక్కసారి లాగు. తాడు నా కాలి దగ్గర వదులుగా పడి ఉంది, అటువైపు నుంచి కదలిక లేదు.

మెలకువ వచ్చింది. తెల్లవారింది. దుప్పటి నేల మీద ఉంది, తన్నిన తన్నుకి ఇనుప మంచం గోడ దాకా జరిగింది. ఆస్పత్రికి పోయే బస్సు వేళవుతోందని చొక్కా తొడుక్కుని, మంచం వెనక్కి లాగుదామని వంగాను. కాళ్లవైపు కోడు మీద, చుట్టూ వేలెడు మేర, పచ్చరంగు అరిగిపోయి ఉంది. రంగు లేనిచోట ఇనుము నున్నగా ఉంది. తడిమితే వేలికి ఎర్రటి పొడి అంటింది. తుప్పు ఇప్పుడిప్పుడే పడుతోంది.