పడుట నేర్చిన రౌతు

శరదృతువున వానమబ్బులు వెలిసిపోయి యాకాశము కడిగిన యింద్రనీలఫలకమువలెఁ దేఱియుండఁగా, వాఁగుదరుల రెల్లుపూవులు తెల్లచామరములై వీచుచుండఁగా, కొండయంచులనుండి యుదయాతపము మెల్లమెల్లగ దిగివచ్చి గుండ్లవాక కోటబురుజులకుఁ బసిఁడిపూఁత పూయుచుండఁగా, విజయదశమినాఁడు ఆ సంస్థానపు ముప్పదియాఱుగురు రౌతులలో మొదటివాఁడని పేరొందిన కొండపనాయఁడు తన బొల్లిగుఱ్ఱము నెక్కి జమ్మిపరుగునకు వెడలి, ప్రొద్దు బారెడెక్కకమునుపే మంచముపై మోయఁబడి తల్లియింటికిఁ దిరిగివచ్చెను.

తల్లి యోబుళమ్మ విఱిగిన యెముకలు కట్టుటలో నా సీమకెల్లఁ బేరెన్నికగన్నది. మంచము దింపఁగానే యామె కుమారుని మెడ తడవి చూచెను. భుజము తడవి చూచెను. ఎడమచేతి మణికట్టు తడవి చూచి యచ్చటనే చేయి నిలిపెను. పిమ్మటఁ దెచ్చినవారివైపు తిరిగి కళ్లెపువాగె యేచేతికిఁ గట్టియుండెనని మాత్ర మడిగెను. ఎడమచేతికని వారు చెప్పిరి.

ఆ కట్టు సంగతి చదువరులకుఁ జెప్పవలసియున్నది. కోటవాకిటనుండి కంకరలోయలోనికి దిగి వాఁగు దాఁటి యావలిగట్టుపై నున్న జమ్మిచెట్టు చేరువఱకును రెండుక్రోసుల దూరము రౌతులందఱును గుఱ్ఱములను దౌడు తీయించుట గుండ్లవాకలోఁ దరతరములుగ నడచుచున్న దసరావేడుక. ఆ పరుగునకు ముందు అశ్వదళమున కధిపతియైన సాహిణి తానే ప్రతిరౌతుకడకు వచ్చి కళ్లెపువాగెను వాని యెడమమణికట్టునకు ముప్పేటలుగఁ జుట్టి ముడివేయును. రౌతును గుఱ్ఱమును విడిపోరాదనుట యా ముడికిఁ జెప్పు నర్థము. నేలఁబడినవాని తలపాగ తీసివేసి యొక యేఁడు వరుసలో నిలువనీయరు. కావునఁ బడుట రౌతునకుఁ జావుకంటె హీనమయ్యెను. పడిన పిదప ముడి విడదు గనుక నొక్కొక్కప్పుడు రెండును నొక్కమాఱే కలుగుచుండెను.

కొండప కర్మకాండలు ముగిసిన పిదప నోబుళమ్మ యిరువదిరెండేండ్లుగాఁ దనయింటికి మోయఁబడి వచ్చిన రౌతుల నొక్కొక్కరినే తలఁచుకొనెను. ఎడమ మణికట్టు, ఎడమ భుజము, ఎడమ మెడయెముక. కుడిప్రక్క విఱిగినవాఁడొక్కఁడును జ్ఞప్తికి రాలేదు. వారి కుడిచేతులకుఁ దగిలినవి గీఁతలు మాత్రమే. ఇన్నియేండ్లును గట్టుకట్టి పంపుటయే తన పనియనుకొంటినే గాని యిందఱి కొక్కచోటనే యేల విఱుగుచున్నదని యొక్కనాఁడైన నడుగకపోతినని యామె తన్నుఁ దాను నిందించుకొనెను.

ఆ దళమున నింకొక కట్టుబాటు కలదు. చనిపోయిన రౌతు గుఱ్ఱమును, వాని స్థానమును దమ్మునివి. కొండప తమ్ముఁడు సింగపనాయఁడు ఇరువదియొక్కయేండ్లవాఁడు, కండబలము గలవాఁడు, అన్నవలె నగుటకంటె వేఱుకోరిక లేనివాఁడు. వచ్చు దసరాకు బొల్లి నెక్కవలసినవాఁడతఁడు. వలదన్నచో నతఁడు వినఁడనియు, వినినను జీవితాంతము తలవంచుకొని తిరుగుననియుఁ దల్లికిఁ దెలియును. వలదనక యామె సాహిణి యింటికిఁ బోయి పరుగునాఁడు ముడివేయు నాచారమును మానుఁడని యడిగెను.

సాహిణి మల్లపరాజు అఱువదేండ్లు దాఁటినను గుఱ్ఱముపై బాణమువలె నిటారుగఁ గూర్చుండువాఁడు. ఆయన యంతయు విని, “పడుట నేర్చినవాఁడు పడును, ఓబుళమ్మా,” యనెను.

“నేర్వనివారును బడిరి, సాహిణిగారూ. వారి యెముకలను గట్టినదానను నేను,” అని యామె చెప్పి వెడలివచ్చెను.

మఱునాఁటినుండి యోబుళమ్మ యింటిపెరఁడు సాముగరిడియయ్యెను. మొదటినెల సింగపను గుఱ్ఱము దరికిఁ బోనీయలేదు. వేకువనే వాఁగునకుఁ బోయి నిండుకడవను దలపై నెత్తుకొని, చేతులతోఁ బట్టకుండ, మూరెడు వెడల్పైనను లేని కాలువగట్టుమీఁదుగా నడచి యింటికి నీరు తేవలెను. కాళ్లు కదలుచున్నను నడుమును మెడయు నిలుకడగ నుండువాఁడే గుఱ్ఱముపై నిలుచుననియు, మన రౌతులు నడుమున బలములేక వాగెలను బట్టుకొని వ్రేలాడుచున్నారనియు నామె తలఁపు. పసరాకులు నూఱునప్పుడెల్ల నతఁ డెదుట నొంటికాలిపై నిలువవలెను. నూఱుట ముగియుదాఁక రెండవపాదము నేల నానరాదు. కొన్నిదినములు మెత్తగ నూఱుటకు నామె చాల యాలస్యము చేసెను.

రేవులోని స్త్రీలకు మంచి కాలక్షేపము దొరకెను. కోడలిని దెచ్చుకొను ఖర్చులేకుండ నోబుళమ్మ కుమారునే కోడలిని జేసికొన్నదని యొకతె యనఁగా, బొట్టొక్కటియే తక్కువయని వేఱొకతె యనెను. సింగప తలపైఁ గడవ యుండుటచేఁ దల త్రిప్పి కోపముగఁ జూచుటకైన వలనుపడలేదు.

రెండవనెల యూక బండ్లతో వచ్చెను. పెరటిగోడప్రక్క దానిని నడుమెత్తు పోయించి, గోడపైనుండి పడుమని తల్లి చెప్పెను. పడునప్పుడు మొదట వాగె విడువవలెను. గడ్డమును ఱొమ్మున కానించి చేతులను దేహమునకు ముడిచికొని భుజముమీఁదుగా బంతివలె దొరలి లేవవలెను. పడువాని చేయి తనంతనే నేలవైపు చాఁచుకొనును గదా, దానినెట్లు మాన్పవచ్చునని సింగప యడిగెను.

“చేయి చాఁచినవాఁడు నా యింటికి వచ్చును, నాయనా. ముడిచినవాఁడు తన యింటికిఁ బోవును. నూఱుమాఱులు పడుము, చేయి తానే నేర్చుకొనును,” అని తల్లి చెప్పెను.

మేనమామకొడుకు పాపినాయఁడు, తానును రౌతే, గోడమీఁదుగఁ దొంగిచూచి కడుపుబ్బ నవ్వెను. నాఁటినుండి యతఁడు సింగప యెదురుపడినప్పుడెల్ల, “బావా, ఊకలో నేఁడెన్ని గ్రుడ్లు పెట్టితివి?” అని యడుగుచుండెను. “నీవు పొదిగెదనన్నచో లెక్కచెప్పెదను,” అని సింగప బదులుచెప్పుచుండెను.

ఊక తీసివేసి యిసుక పోయించిరి. ఇసుక తీసివేసి గట్టినేలపైఁ బడఁజేసిరి. అటుపిమ్మట బొల్లిని దెచ్చి, జీనునకు వ్రేలాడు రికాబులను విప్పివైచి, చేతులు రెండును బాఱచాఁచి కూర్చుండఁబెట్టి, మొదట నడకలోను దరువాత దుడుకునడకలోను దిప్పించిరి. ఎక్కుటకు ముందు తొడలను దుంటికీళ్లను సడలించు వంపులు కొన్ని. దిగిన పిదప నూనెమర్దనము. ఏడవదినము విశ్రాంతి. అలసిన తొడలు వణఁకుచుండఁగా నింకొకచుట్టు తిరుగఁబోయి పడినవారే తనయింటికి మిక్కిలిగ వచ్చిరని యోబుళమ్మ యెఱుఁగును.

శ్రావణమున సింగప తొందరపడెను. విశ్రాంతిదినమునఁ దల్లి లేనివేళ బొల్లిచేతఁ గంచె దుమికించి, దిగునప్పుడు చీలమండ బెణకించుకొనెను. ఇరువదిదినములు గుఱ్ఱము నెక్కరాదని యామె కట్టుకట్టఁగా నతఁడు మంచముపై మొగము తిప్పుకొని పండుగ దగ్గఱపడుచున్నది, కాలము వ్యర్థముగఁ బోవుచున్నదని గొణిగెను.

“మీ యన్న కిప్పుడు కావలసినంత కాలము కలదు,” అని తల్లి యనెను.

అతఁడు మొగము తిప్పి లేచి కూర్చుండెను. ఇరువదిదినములును గూర్చుండియే చేయఁదగు వ్యాయామములు చేసెను.

విజయదశమి వచ్చెను. నూతనవస్త్రముల గరగరలతోను డప్పుల మ్రోఁతతోను గోటవాకిలి నిండియుండఁగా, ముప్పదియాఱు గుఱ్ఱములు వరుసదీఱి నేల గీఱుచుండఁగా, మల్లపరాజు తొలివానినుండి ముడులు వేయుచు వచ్చెను. వచ్చి బొల్లికడ నిలిచి చేయి చాఁపెను. సింగప యెడమచేయి యీయక రెండుచేతులను జోడించెను.

“అయ్యా, మా యన్నచేతికిఁ దాము ముడివేసితిరి. దానిని మా యమ్మ విప్పినది. నాకు వేయవలదు,” అని మెల్లగ ననెను.

డప్పులు తమంతనే యాఁగెను. సాహిణి చేయి గాలిలోఁ గొంతసేపు నిలిచెను. పడినయెడల నీవు మరల నీ వరుసలో నెన్నఁడును నిలువవని చెప్పి, ముడివేయకయే యాయన తరువాతి గుఱ్ఱమునకు నడచెను. ఒక యేఁటి శిక్ష జీవితకాలపు శిక్షయయ్యెనని యందఱును గ్రహించిరి. బురుజుక్రింద స్త్రీలలో నిలిచియున్న యోబుళమ్మయు గ్రహించెను.

కొమ్ము మ్రోఁగెను. వర్షాకాలపు వఱదవలె నశ్వదళము లోయలోనికిఁ దిగఁబాఱెను. సింగప నడుము సడలక, మోకాళ్లు బిగియక, గుఱ్ఱపు నడకతోఁ దన నడకను గలిపి మొదటి యైదుగురిలో నొకఁడై వాఁగురేవు చేరెను. అచ్చట, నునుపెక్కిన గుండ్లమధ్య బొల్లి ముంగాలు జాఱి మోకాళ్లపై వ్రాలఁగా, సింగప దాని చెవులమీఁదుగా నెగిరి, ఎగురుచునే వాగె విడిచి, గడ్డము ఱొమ్మున కానించి, చేతులు ముడిచి, కంకరనేలపై భుజముమీఁదుగా రెండుమాఱులు దొరలి కాళ్లపై లేచి నిలుచుండెను. వాగె లాగువాఁడు లేమిచే బొల్లియు నిబ్బరముగ లేచి, పదిబారల దూరమున నిలిచి, వీఁడేమి చేసెనా యన్నట్లు చూచుచుండెను.

అతఁడు గుఱ్ఱమును జేరి కాళ్లు తడవి చూచి యెక్కఁబోవునంతలో వెనుకనుండి కేకలు వినవచ్చెను. పాపినాయఁడు జీనునుండి జాఱి, మణికట్టుముడిచే గుఱ్ఱపుఁబ్రక్కన వ్రేలాడుచు, గుండ్లపై నీడ్వఁబడి వచ్చుచుండెను. బెదరిన గుఱ్ఱ మెంత బెదరిన నంతవేగముగఁ బరుగిడుచుండెను. సింగప బొల్లిపైకి దుమికి దానిప్రక్కకుఁ దఱిమి, రెండుతొడలబలమున నిలుకడగఁ గూర్చుండి, చేతులు రెండును వాగెనుండి తీసి, యొకచేత నా గుఱ్ఱపు కళ్లెమును బట్టి రెండవచేత మొలకత్తి దూసి ముడిని గోసివైచెను. రెండుచేతులును విడిచి దౌడులో నిలువఁగలవాఁ డా దళమున నతఁడొక్కఁడే.

పాపినాయఁడు నేలపైఁ బడియుండి, మొగమున నెత్తురును మట్టియు నంటియుండఁగా, కొంతసేపటికిఁ గన్నులు తెఱచి, “బావా, ఆ గ్రుడ్లు నేనే పొదిగెదను,” అనెను.

వారిరువురును జమ్మిచెట్టుకడకు నందఱికంటెఁ గడపటఁ జేరిరి. ఎడమచేయి మెడకు వ్రేలఁగట్టుకొని పాపినాయఁడు బొల్లిపైనుండెను. సింగప కళ్లెము పట్టి నడచివచ్చెను. పడినవారి తలపాగలు తీయుటకు మల్లపరాజు ముందునకు వచ్చెను. వచ్చి పాపినాయని వాఁచిన మణికట్టును జూచెను. సింగప చేతులను జూచెను. వానిపైఁ గంకరగీఁతలైన లేవు.

“ఎట్లు పడితివి?” అని యాయన యడిగెను.

చూపుమందురాయని సింగప యడుగఁగా నాయన తలయూఁచెను. అతఁడు నాలుగడుగులు పరుగిడి పచ్చికపైఁ బడి దొరలి లేచి నిలిచెను. జనులు నవ్విరి. సాహిణి నవ్వలేదు గనుక వారును మెల్లగ మానిరి. ఆయన యింకొకమాఱు చూపుమనెను. అతఁడు చూపెను. అంతట మల్లపరాజు దళమువైపు తిరిగి, “ముప్పదేండ్లుగా ముడివేయుచుంటిని. పడినవారిలో నడచివచ్చినవాఁడు నేను ముడివేయనివాఁడొక్కఁడే,” అని యందఱును వినఁ జెప్పెను. చాఁచిన చేయి తలపాగను దీయక సింగప భుజముపై వ్రాలెను. మొదట నొక డప్పు మ్రోఁగెను, పిమ్మట నన్నియు మ్రోఁగెను. మొదట వచ్చినవానిని విడిచి కడపట వచ్చినవానిని భుజములపై నెత్తుకొని పోవుట గుండ్లవాకలో నాఁడే జరిగెను.

సాయంకాలము పాపినాయని మెడయెముకకుఁ గట్టుకట్టుచున్న యోబుళమ్మ యింటికి సాహిణి నడచివచ్చి యరుగుమీఁదఁ గూర్చుండెను. దళమున కంతటికి నూక యెన్ని బండ్లు కావలయునని యడిగెను.

“ముప్పదియాఱుగురికి నాలుగు బండ్లు చాలును. తామును బడఁదలఁచినచో నైదు,” అని యామె కట్టునుండి కన్నెత్తకయే చెప్పెను.

మల్లపరా జైదుబండ్లు తోలించెను. ఆ హేమంతమంతయు వేకువజామున గుండ్లవాక రౌతులు తలలపైఁ గడవలతోఁ గాలువగట్టుపై బారులుదీఱి నడచుటయు, మీసములలో నూక చిక్కుకొనఁగా నొకరినొకరు వెక్కిరించుకొనుచు గోడలపైనుండి దొరలుటయు జనులకుఁ జూడ వేడుకయయ్యెను. రేవులోని స్త్రీలు నడకలకుఁ దప్పులు పట్టుచుండిరి. మఱుసటి జమ్మిపరుగున నొక్కచేతికిని ముడి లేదు. నలుగురు పడిరి. నలుగురును లేచి గుఱ్ఱములెక్కి వచ్చిరి. ఆ యేఁడు కోటలోనుండి యొక్క మంచమైన నోబుళమ్మ యింటికి రాలేదు.

అయినను గొండలకావల నాలుగు కావలిఠాణాలు కలవు. అచ్చటి రౌతులు నేఁటికిని వాగెను మణికట్టునకుఁ గట్టుకొనియే గుఱ్ఱములెక్కుచున్నారు. వారికీ విద్య నేర్పుట కింక నెవ్వరును బోలేదు.