ఉమ్మడి దిబ్బ

అచ్చమ్మ పొయ్యిలో బూడిదను చేటలోకి, చేటలోంచి గంపలోకి ఎత్తింది. అప్పటికే పాలెంలో ఇల్లిల్లూ తిరిగి పేడ, వాకిళ్లు ఊడ్చిన చెత్త పోగుచేసుకొచ్చింది. ఇక గంప నెత్తికెత్తుకుని, తోటల దారిలో తవ్విన ఎరువు గుంటల దగ్గరికి పోవాలి.

పొట్టి మనిషి. కాపరానికి వచ్చిన నాటి నుంచీ నెత్తిన ఏదో ఒకటి మోస్తూనే ఉంది. లేత మామిడంట్లకు నీళ్లకుండలు మోసింది, కోత కాలంలో కాయల గంపలు మోసింది. మోసీ మోసీ మెడ భుజాల్లోకి దిగిపోయింది. ముంజేతుల మీదా గడ్డం కిందా మామిడి సొనకి కాలిన మచ్చలు. కుడి మోకాలు వంగదు. ఈ వారం రోజులుగా గంప ఎత్తితే ఎడమ భుజంలోంచి ఏదో లాగుతోంది. ఎవరితోనూ అనలేదు.

మండలాలొచ్చిన మరుసటేడు అది. చాట్రాయి చుట్టుపక్కల మెట్టలో ట్రాక్టర్లు తిరగడం మొదలయ్యాక ఎడ్లను అమ్ముకున్నారు. ఎడ్లు పోయాక పెంట పోయింది. తోటలన్నీ యూరియా కట్టల మీదే బతుకుతున్నాయి. ఎర్రనేల పెంకులా గట్టిపడింది. పోయిన వేసవిలో, కాయలు పేర్చే పాక కింద, తోటరైతు దశరథరామయ్య ఆడకూలీలతో మాటవరసకి అన్నాడు.

"మాగిన ఎరువు దొరికితే బళ్లకు బళ్లు నేనే తోలించుకుంటాను. చేసేవాళ్లేరీ?"

అందరూ నవ్వారు. అచ్చమ్మ నవ్వలేదు. ఏటా తొలకరి పడగానే పాలెంలో ఆడవాళ్లంతా నాట్లకని పల్లపు ఊళ్లకి పోతారు. ఎవరివో గొడ్లపాకల్లో పడుకుని, బురదలో నాని పాసిన కాళ్లతో తిరిగొస్తారు. అంతకు ముందటేడు కూతురు దుర్గ నిండు నెలలతో వెళ్లింది. చేలో గట్టు మీదే కని, ఆ బిడ్డను అక్కడే పూడ్చిపెట్టి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల మాట తగ్గిపోయింది.

అందుకే అచ్చమ్మ ఇంటింటికీ తిరిగింది. గొడ్డున్న వాళ్లు పేడ వేయాలి, లేనివాళ్లు చాకిరీ చేయాలి, ఎరువు అమ్మితే వచ్చింది అందరిదీ. ఒప్పించేసరికి చలికాలం గడిచిపోయింది. నూజివీడు నుంచి వచ్చిన వ్యవసాయశాఖాయన దగ్గరుండి గుంటలు తవ్వించాడు. ఆకు, పేడ, మట్టి వరసలుగా ఎలా వేయాలో చూపించాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు.

"పాలకి తోడు వేసినట్టు బాగా మాగిన పాత పెంట కలపండమ్మా. లేకపోతే తొలకరికి అందదు."

పాలెం మొత్తం మీద పాత పెంట ఒక్కచోటే ఉంది. అచ్చమ్మ ఇంటికీ, తోడికోడలు సీతమ్మ ఇంటికీ మధ్య.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు చెంబూ తట్టా అన్నీ పంచుకున్నారు గానీ, పెంటదిబ్బను ఉమ్మడిగా వదిలేశారు. అచ్చమ్మ మొగుడు పోయిన ఏడు సీతమ్మ వాళ్లు ఒక బండి పెంట చెప్పకుండా తోలుకున్నారు. అచ్చమ్మ అడిగితే, "పొలం లేనిదానివి, మొగుడు లేనిదానివి, నీకు పెంటెందుకు?" అంది సీతమ్మ. ఆ రోజుతో మాటలు పోయాయి. పంతానికి ఇద్దరూ ఆ దిబ్బ మీద చెయ్యి వేయలేదు. దాని మీద జిల్లేళ్లు, ఆముదాలు మొలిచి, ఒకరి గుమ్మం ఒకరికి కనపడకుండా పెరిగాయి. తర్వాత సీతమ్మ మొగుడూ పోయాడు. ఆ రోజు కూడా అచ్చమ్మ గడప దాటలేదు.

గుంటల దగ్గర గంప దింపి వచ్చి, సీతమ్మ వాకిట్లో నిలబడింది. సీతమ్మ చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

"సీతమ్మా."

సీతమ్మ తలెత్తలేదు. చేతిలో రాయి మాత్రం ఆగింది.

"దిబ్బ కోసం వచ్చాను. గుంటల్లోకి కావాలి."

"నీ వంతు నువ్వు ఎత్తుకుపో. ఎవరొద్దన్నారు?"

"ఏది నా వంతో, ఏది నీ వంతో ఎట్టా తెలుస్తుందే? ఎప్పుడో కలిసి మాగిపోయింది."

"ఇప్పుడేమన్నా పొలం కొన్నావా?" అంది సీతమ్మ. ఎగతాళిగా అనబోయింది గానీ గొంతు కుదరలేదు.

"లేదు. దుర్గ ఈ ఏడు నాట్లకి పోకుండా ఉంటుందని."

సీతమ్మ లేచింది. చేతికంటిన చింతపండు కడుక్కుని లోపలికెళ్లి, గునపం పట్టుకొచ్చింది.

"ఆ జిల్లేడు వేళ్లు నీవల్ల కాదు. జరుగక్కా."

దిబ్బ పైన పెచ్చు ఎండి గట్టిగా ఉంది. అది లేచాక లోపలంతా నలుపు. తడితడిగా, పట్టుకుంటే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతోంది. వాన పడ్డ చేను వాసన. పాలెం ఆడవాళ్లు గంపలు పట్టుకుని వచ్చారు. మధ్యాహ్నం దాటేసరికి మొదటి గుంట నిండింది. దుర్గ గుంటలో దిగి, చీర పైకి దోపుకుని, ఆకులు తొక్కుతూ ఎవరో అన్న మాటకి నవ్వింది. అచ్చమ్మ గంప పట్టుకుని అక్కడే ఆగి, ఆ నవ్వు అయిపోయేదాకా చూసింది. స్కూటరు మీద వచ్చిన దశరథరామయ్య గుప్పెడు పెంట తీసి నలిపి చూశాడు.

"మొదటి బండి నాకే. మాటంటే మాట," అన్నాడు.

"అట్టాగేనండి," అంది అచ్చమ్మ.

ఆయన మాట తప్పలేదు. తొలకరికి ఎరువు తోలించుకున్నాడు. ఆ ఏడు దుర్గతో పాటు సగం పాలెం నాట్లకి పోలేదు. మిగతా సగం ఆ పై ఏడు ఆగిపోయింది. అయితే అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం అచ్చమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కాలు చాపుకుని, గోడకి చేరగిలబడింది. దిబ్బ ఉన్నచోట తడినేల మిగిలింది. దాని అవతల సీతమ్మ గుమ్మం తిన్నగా కనిపిస్తోంది.

"అన్నం తిన్నావా?" అక్కడి నుంచే అడిగింది సీతమ్మ.

"పొయ్యి వెలిగించలేదే."

"ఉండు, తెస్తాను."

సీతమ్మ వంగి గుమ్మంలోకి వెళ్లడం అచ్చమ్మ చూసింది. సీతమ్మ కొత్త కోడలుగా వచ్చిన రోజు ఇంత పొడుగు పిల్ల ఈ గుమ్మంలో ఎట్టా పడుతుందా అనుకుంది తను. ఎడమ చెయ్యి బరువెక్కింది. కాసేపు కళ్లు మూసుకుంది.

సీతమ్మ అన్నం కంచంతో తడినేల దాటి వచ్చి, దాన్ని అరుగు మీద పెట్టింది. "అక్కా," అంది. నిద్రపోతోందనుకుని పక్కన కూర్చుని, మొహం మీది ఈగను తోలింది. ఇంకోసారి పిలిచింది. చెయ్యి పట్టుకుని నాడి చూసి, ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. దారిలో దుర్గ వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

అరుగు మీద కంచంలో, అన్నం చుట్టూ పాత ఆవకాయ నూనె ఎర్రగా, మెల్లగా పాకుతోంది.