భూమన్న భుజం మీది బస్తా

నేను ఒక ఎరువు బస్తాను. ప్లాస్టిక్ దారంతో నేసి, డీఏపీ నింపి, మూతి కుట్టి నన్ను లారీ ఎక్కించారు. డీఏపీ అంటే మొక్కకు భాస్వరం అందించే మందు. నిర్మల్ దగ్గరి ఒక ఊళ్లో భూమన్న నన్ను, నా జతబస్తాను మోసుకెళ్లి, తాను కౌలుకు పట్టిన మక్కజొన్న చేలోని గుడిసెలో దించాడు. అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. అతనికి ఉంటే కదా నాకుండటానికి!

తంటా విత్తేనాడే మొదలైంది. అతని భార్య లసుంబాయి మహిళా సంఘం శిక్షణకు వెళ్లి, వేళ్లకు మేలుచేసే బూజు కలిపిన పొడి తెచ్చింది. దాన్ని విత్తనంతోపాటు సాళ్లలో వేసింది. ఆ బూజు వేరు అందుకోలేని చోటికి సన్నటి పోగులు పంపి భాస్వరాన్ని లాక్కొస్తుందట. అందుకే నా జతబస్తాను మాత్రం చల్లించి, నన్ను పక్కన పెట్టించింది.

మొక్కలు మోకాలెత్తుకు రాకముందే ఆకుల అంచులు వంకాయ రంగుకు తిరిగాయి. భూమన్న నన్ను గట్టుదాకా మోసేవాడు, మళ్లీ గుడిసెకు తెచ్చేవాడు.

"మందు తక్కువైంది లసుమా. సేను సచ్చిపోతది."

"జర ఆగు. బూజు వేరుకు పట్టాలె గద. ఇప్పుడు మందు గుమ్మరిస్తె మొక్క బూజును దగ్గరికి రానియ్యదట."

ఆమె అక్కను చూడటానికి పక్కూరు వెళ్లిన రోజు అతను ఆగలేకపోయాడు. నా మూతి కోసి, నాలోని మందంతా చేను పైసగంలో చల్లాడు. వానపడి అది పచ్చగా లేచింది. తిరిగొచ్చిన లసుంబాయి ఖాళీ అయిన నన్ను దులిపి మడతపెట్టింది.

"కిందిసగం ముట్టకు" అంది, అంతే.

కంకి వేసే వేళ వాన ముఖం చాటేసింది. పైచేను ఆకులు పొద్దున్నే చుట్టుకుపోయేవి. కిందిచేను ఆకులు ఎండకు చుట్టుకున్నా సాయంత్రానికి విచ్చుకునేవి. భూమన్న గట్టుమీద అటూ ఇటూ తిరిగేవాడు, తిండి సయించేది కాదు. కోతకొచ్చేసరికి పైచేను కంకుల కొనలు బోసిపోయాయి, కిందివి నిండుగా ఉన్నాయి.

లసుంబాయి రెండువైపులా మొక్కలు పెళ్లగించింది. పైచేను వేళ్లు మట్టి రాలిపోయి బోడిగా వచ్చాయి. బూజు పోగులు అల్లుకున్న కిందివి మట్టిని గట్టిగా పట్టుకునే పైకి లేచాయి. అతను వాటిని చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు.

"నన్నొక్క మాట అనవేందే?"

"అంటె కంకి నిండుతదా? బస్తా పట్టు."

కిందిచేను వేళ్లు తరిగి, ఆ మట్టితో సహా నాలో నింపింది, వచ్చే పంట సాళ్లలో వేయడానికి. భూమన్నే నన్ను ఇంటికి మోశాడు.

ఇప్పుడు నేను వాళ్ల ఇంటి వసారా నీడలో ఉన్నాను. అతను గడియకోసారి వచ్చి నా మూతి విప్పి, చిటికెడు మట్టి నలిపి, వాసన చూస్తాడు.

"బువ్వ సల్లారుతంది. అదేం పారిపోతదా?" అంటుంది లసుంబాయి లోపలినుంచి.

అతను మూతి కట్టి రెండడుగులు వేస్తాడు. మళ్లీ వెనక్కొచ్చి, ఎండ తగలకుండా నన్ను ఇంకాస్త లోపలికి జరుపుతాడు.