దొరసాని ముత్యం

మా అనసూర్యక్క ఏ జాడీ చేసినా మూతపిడిల మట్టి ఉండ పెడ్తది. ఉండను కాయితంల చుట్టి, బోలు పిడిల పెట్టి మూస్తది. బట్టీల కాయితం కాలిపోతది, ఉండ వదులైతది. మూత ఊపితే గలగల. చిన్నప్పుడు నా నోరు మూపియ్యనీకి కనిపెట్టిన ఇకమతు అది. నా నోరు ఇంకా మూతపడలే, అది వేరే ముచ్చట.

చొప్పదండిల మాది కుమ్మరిల్లు. అక్క పట్నంల మట్టిపాత్రల స్టూడియోల రెండేండ్లుండి గ్లేజు పూత పని నేర్చింది. ఆమె చేసిన నీలిరంగు జాడీ ఒకటి చేతులు మారి కరీంనగర్ శ్యాంసుందర్ దగ్గర పడ్డది. ఆయనకు జాడీలు జమ చేసుడు పిచ్చి. వేలంల జాడీ కంటె, అది ఎవరింట్ల ఉండెనో గా కథకే గిరాకట. అందుకని మంచిర్యాల దిక్కు దొరల గడీల దొరికిందని రాసి అద్దాల పెట్టెల పెట్టిండు. అక్క పోయి, ఇది నా చేతిదని చెప్పింది. పదిమంది ముంగట నవ్విండు.

"నీ చేతికి పిల్లలాడుకునే గురుగులొస్తయమ్మా. గిది రాదు."

అక్క ఇంటికొచ్చి కుమ్మరి సారెను గోడకు ఆనిచ్చింది. మూడేండ్లు ముట్టలే.

నేను ఊకుంటనా? తలకు రుమాలు చుట్టుకొని ఆయనింటికి పోయిన. నేనెవరో ఆయనకెరుకలేదు. మా తాత గా గడీల జీతమున్నడని, గా జాడీ మూతపిడిల దొరసాని ముత్యం దాచిందని చెప్పిన. ఊపిండు. గలగలమన్నది. నాకు చాయ్ తాపిండు, బిస్కిట్లు గూడ. కాల్చినంక పిడిల ఏం పెట్టరాదు, ముందే పెడితే ముత్యం బూడిదైతది. ఆయనకు గింత ఇంగితం లేకపాయె. వేలం పుస్తకంల అచ్చేయించిండు: దొరసాని ముత్యమున్న జాడీ.

వేలం కరీంనగర్ల ఒక హోటల్ హాల్ల. నేను సంచి సంకల పెట్టుకొని ముంగట కూసున్న. శ్యాంసుందర్ కథ జెప్పి మూత ఊపిండు. పట్నపోళ్లు చెవులు నిక్కిచ్చిండ్రు. నేను సంచిలకెళ్లి ఒక మూత తీసి ఊపిన. గలగల. ఇంకోటి. ఇంకోటి. ఐదు మూతలు.

"దొరసానికి ముత్యాలు శానా ఉన్నట్టున్నయి సారూ. గిది మా ఉప్పు జాడీది, గిది తొక్కుది."

తొక్కు మూత పిడి నేలకు కొట్టి పలగ్గొట్టిన. మట్టి ఉండ దొర్లుకుంట పోయి ఆయన బూట్ల కాడ ఆగింది. హాలంత ఒక్కటే నవ్వు.

"నువ్వెవలు?" అన్నడు.

"గురుగులు చేసేదాని తమ్ముణ్ణి."

వేలం నడిపే వందన మేడం, జాడీ చరిత్ర రాసిన కాయితం సరిజేస్తేనే జాడీ పాటకు పెడ్తమన్నది. శ్యాంసుందర్, చొప్పదండి అనసూర్య చేసిందని రాసి సంతకం పెట్టబోయిండు. నేను ఆపిన. "గడీల దొరికిందని అబద్ధం రాసింది నేనే" అని గూడ రాయుండ్రి సారూ అన్న. మేడం దిక్కు చూసిండు. నాకు జర గూడ జాలి కాలే. రాసిండు. ఇగ గా జాడీ ఎన్ని ఇండ్లు మారితే అన్ని ఇండ్లకు ఆయన అబద్ధం ఎంట పోతది. ఆయన సచ్చినంక గూడ.

ఇంటికొచ్చి అక్కకు మొత్తం చెప్పిన. నవ్వలే.

"ఎనుక కూసున్నోళ్లకు గలగల ఇనబడ్డదారా?"

"ఇనబడ్డదక్కా."

"తొక్కు మూత పలగ్గొట్టొచ్చినవ్. ఇగ జాడీ మీద ఏం మూయాలె, నీ తలకాయనా?"

గట్ల తిట్టుకుంటనే, అక్క గోడకున్న సారెను కిందికి దించింది.